మెత్త టైరా, గట్టి టైరా? – కారు పందెం చెప్పే భౌతికశాస్త్ర పాఠం



వార్షికోత్సవ సంచికకు ఏదైనా పాఠం లాంటిది రాసివ్వమని కమిటీ తమ్ముళ్ళు అడిగారు. మేము చదివింది ఎమ్మెస్సీ ఫిజిక్స్. మా ఇంట్లో డిగ్రీ పట్టా పట్టుకున్నది మేమే మొదలు. కాబట్టి చదువు గొప్పతనం గురించి నాలుగు మంచి మాటలు రాస్తామని మీరు అనుకొని ఉంటారు. కానీ మేము కారు పందేల గురించి రాయాలని నిర్ణయించుకున్నాం. "సైకిలు ట్యూబు మార్చడానికే డబ్బుల్లేని మనకు కోట్ల రూపాయల కార్ల ముచ్చట ఎందుకన్నా?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. జవాబు వ్యాసం చివర ఉంది. అంతవరకు ఓపికగా చదవండి. పదో తరగతి లెక్కలు, ఎనిమిదో తరగతి సైన్సు వస్తే చాలు, ఇందులో అర్థం కానిది ఏమీ లేదు.

1. ఒక గుడ్డు మీద పందెం

అది 2013 అక్టోబరు 27, ఆదివారం. మేము 6వ తరగతి. హాస్టల్లో చేరి నాలుగు నెలలు. ఆ రోజు ఢిల్లీ దగ్గర గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో ఇండియన్ గ్రాండ్ ప్రి. అంటే ఫార్ములా వన్ కారు పందెం. మన దేశంలో అది 2011, 2012, 2013లలో మూడుసార్లే జరిగింది. ఆ రోజుది మూడోది.

అప్పుడు పదో తరగతిలో ఇద్దరు అన్నలు ఉండేవారు. ఒకాయన పేపర్లో ఆటల పేజీలన్నీ కత్తిరించి పాత అట్లాసులో దాచేవాడు. ఆయన్ను పేపరన్న అనేవాళ్ళం. ఇంకొకాయన తండ్రి లారీ డ్రైవరు. ఆయన లారీ అన్న. ఆ ఉదయం ఉప్మా తింటూ ఇద్దరూ పేపరు ముందేసుకొని కూర్చున్నారు. శనివారం క్వాలిఫయింగ్ అయిపోయింది. సెబాస్టియన్ వెటెల్ మొదటి స్థానంలో, అదే రెడ్‌బుల్ జట్టుకు చెందిన మార్క్ వెబర్ నాలుగో స్థానంలో నిలిచారు.

"వెటెల్‌వి పసుపు గీత టైర్లు, మెత్తవి. వెబర్‌వి తెల్ల గీత టైర్లు, కొంచెం గట్టివి. ఒకటే జట్టు, రెండు లెక్కలు ఏసింది చూడు. నాకైతే వెటెలే గెలుస్తడు" అన్నాడు పేపరన్న.

"మెత్త రబ్బరు రోడ్డును పట్టుకుంటది, కాదనను. కానీ తొందరగ తినేస్తది. మా నాయన ఏమంటడో ఎర్కనా? టైరు కొత్తగ ఎంత బాగున్నదని కాదు, ఎంతదూరం నిలబడ్తదో చూడాలె అంటడు. గట్టి టైరే గెలుస్తది, వెబర్" అన్నాడు లారీ అన్న.

వచ్చే ఆదివారం గుడ్డు పందెం కట్టుకున్నారు. హాస్టల్లో ఆదివారం గుడ్డు విలువ మీకు వేరే చెప్పనక్కరలేదు. మధ్యాహ్నం 3 గంటలకు వార్డెన్ సార్‌ను బతిమాలి ఎదురుగా ఉన్న టీ కొట్టు టీవీ ముందు నిలబడ్డాం.

ఫలితం తర్వాత చెబుతాం. ప్రపంచంలో ఎక్కడైనా రేసుకు ముందు అభిమానులు వాదించుకునేవి ముఖ్యంగా రెండు విషయాలు. ఒకటి, ఏ టైరు ఎన్ని ల్యాపులు నడపాలి? రెండు, కారుకు కొత్తగా బిగించిన భాగాలు పనిచేస్తాయా? మా అన్నల వాదన మొదటిది. ముందు దాన్నే చూద్దాం.

2. నున్నటి టైరు ఎందుకు?

బస్సు టైరు నున్నగా అరిగితే ప్రమాదం అంటాం. మరి ఫార్ములా వన్ కారుకు పొడి రోడ్డు మీద వాడే టైరు కొత్తదే నున్నగా ఉంటుంది. దాన్ని స్లిక్ అంటారు. ఇదేం వింత?

టైరు మీద గాళ్ళు (కోతలు) ఉండేది నీళ్ళ కోసం. వానలో టైరుకు, రోడ్డుకు మధ్య చేరిన నీరు ఆ గాళ్ళలోంచి బయటికి పోవాలి. పోకపోతే టైరు నీటి పొర మీద తేలుతుంది. అప్పుడు బ్రేకు వేసినా, స్టీరింగు తిప్పినా బండి మాట వినదు. వాన పడని రోడ్డు మీద ఆ గాళ్ళతో పనిలేదు. అవి లేకపోతే ఎక్కువ రబ్బరు రోడ్డుకు తగులుతుంది. రేసులో వాన వస్తే ఆగి టైర్లు మార్చుకుంటారు. బస్సు వాన వచ్చినప్పుడల్లా ఆగి టైర్లు మార్చుకోదు కదా! అందుకే రేసు కారుకు నున్నటి టైరు వరం, బస్సుకు శాపం.

పెద్ద వానకు వాడే రేసు టైరు గంటకు 300 కిలోమీటర్ల వేగంతో వెళ్ళేటప్పుడు సెకనుకు 85 లీటర్ల వరకు నీటిని పక్కకు నెట్టగలదని తయారీదారైన పిరెల్లీ కంపెనీ లెక్క. అంటే సెకనుకు మన స్నానాల గది బకెట్లు అయిదారు అన్నమాట.

ఇక్కడ తెలివైన తమ్ముడొకడు చేయి ఎత్తుతాడు. "అన్నా, ఘర్షణ స్పర్శా వైశాల్యం మీద ఆధారపడదు అని ఎనిమిదో తరగతి పుస్తకంలో ఉంది కదా!" నిజమే. చెక్క, ఇనుము వంటి గట్టి వస్తువుల విషయంలో ఆ నియమం దాదాపు సరిపోతుంది. రబ్బరు అలా కాదు. వేడెక్కిన రబ్బరు మెత్తబడి రోడ్డులోని సన్నని గరుకుల మధ్యకు దిగి పట్టుకుంటుంది. కొంత అంటుకుంటుంది కూడా. అదే బరువును ఎక్కువ వైశాల్యం మీద పరిస్తే రబ్బరు పట్టు పెరుగుతుంది. పుస్తకంలోని నియమం ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు అని అడగడమే సైన్సు. కాబట్టి ఆ తమ్ముడు మంచి ప్రశ్నే అడిగాడు.

3. టైరుకు జ్వరం

మెత్త రబ్బరుకు పట్టు ఎక్కువ, ఆయుష్షు తక్కువ. గట్టి రబ్బరుకు ఆయుష్షు ఎక్కువ, పట్టు తక్కువ. ఈ రెంటి మధ్య బేరమే టైరు వ్యూహం.

2011 నుంచి ఫార్ములా వన్‌కు పిరెల్లీ ఒక్కటే టైర్లు సరఫరా చేస్తోంది. 2019 నుంచి ప్రతి రేసుకు మూడు రకాల పొడి టైర్లు తెస్తున్నారు. తెల్ల గీతది గట్టిది, పసుపు గీతది మధ్యస్థం, ఎర్ర గీతది మెత్తది. చిరుజల్లుకు ఆకుపచ్చ, పెద్ద వానకు నీలం. (2013లో రంగులు వేరు. అప్పుడు తెలుపు మధ్యస్థానికి, పసుపు మెత్తదానికి.) పొడి రేసులో కనీసం రెండు రకాలు వాడి తీరాలన్నది నిబంధన. 2024 లెక్క ప్రకారం మామూలు వారాంతంలో ఒక్కో డ్రైవరుకు 13 సెట్లు ఇచ్చారు. వాటిలో 2 గట్టివి, 3 మధ్యస్థం, 8 మెత్తవి. నెలకు ఇచ్చిన సబ్బులతోనే నెల గడపాలన్నట్టు, ఆ 13 సెట్లతోనే సాధన, క్వాలిఫయింగ్, రేసు అన్నీ అయిపోవాలి.

టైరుకు సరైన వేడి ఉండాలి. సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఈ టైర్లు బాగా పనిచేస్తాయి. అందుకే బిగించడానికి ముందు కరెంటు దుప్పట్లు కప్పి 70 డిగ్రీల వరకు వేడిచేస్తారు. వేడి చాలని టైరు జారితే పైపొర రవ్వరవ్వగా లేస్తుంది. వేడి ఎక్కువైతే లోపలి రబ్బరు ఉడికి బొబ్బలు లేస్తాయి. రెండింటిలోనూ పట్టు పోతుంది.

లోపలి గాలి సంగతి కూడా చూద్దాం. ఘనపరిమాణం మారకపోతే వాయు పీడనం పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుంది. 27 డిగ్రీలు అంటే 300 కెల్విన్. 100 డిగ్రీలు అంటే 373 కెల్విన్. 373ను 300తో భాగిస్తే 1.24. అంటే వాతావరణ పీడనాన్ని కూడా కలుపుకొని చూస్తే లోపలి పీడనం దాదాపు 24 శాతం పెరుగుతుంది. రేసు జట్లు దీన్ని ముందే లెక్కగట్టి గాలి నింపుతాయి. ఈ సూత్రాన్ని గుర్తుపెట్టుకోండి, లారీ దగ్గర మళ్ళీ పని పడుతుంది.

4. ఎన్నిసార్లు ఆగాలి? – అంకశ్రేఢి లెక్క

టైర్లు మార్చడానికి పట్టేది రెండు మూడు సెకన్లే. 2023 ఖతార్ గ్రాండ్ ప్రిలో మెక్‌లారెన్ జట్టు 1.80 సెకన్లలో నాలుగు చక్రాలూ మార్చింది. కానీ పిట్ దారిలో గంటకు 80 కిలోమీటర్లు మించకూడదు. పక్కనే మిగతా కార్లు 300 వేగంతో పోతుంటాయి. అందువల్ల ఒకసారి ఆగితే మొత్తం నష్టం 20 సెకన్ల పైచిలుకు ఉంటుంది.

ఇప్పుడు పలక తీయండి. లెక్క కోసం ఇలా అనుకుందాం. రేసు 60 ల్యాపులు. ఒకసారి ఆగితే నష్టం 22 సెకన్లు. టైరు ఒక్కో ల్యాపు పాతబడేకొద్దీ ల్యాపుకు 0.1 సెకను చొప్పున ఆలస్యం పెరుగుతుంది. అంటే మొదటి ల్యాపులో నష్టం సున్నా, రెండో ల్యాపులో 0.1, మూడో ల్యాపులో 0.2. ఇది అంకశ్రేఢి. పదో తరగతి శ్రేఢుల పాఠంలోని మొత్తం సూత్రమే దీనికి చాలు.

ఒకసారి ఆగితే: 30 ల్యాపుల చొప్పున రెండు భాగాలు. 1 నుంచి 29 వరకు మొత్తం 435. దాన్ని 0.1తో గుణిస్తే 43.5 సెకన్లు. రెండు భాగాలకు 87. ఆగినందుకు 22. మొత్తం 109 సెకన్లు.

రెండుసార్లు ఆగితే: 20 ల్యాపుల చొప్పున మూడు భాగాలు. 1 నుంచి 19 వరకు 190. అంటే 19 సెకన్లు. మూడింటికి 57. ఆగినందుకు 44. మొత్తం 101 సెకన్లు.

మూడుసార్లు ఆగితే: 15 ల్యాపుల చొప్పున నాలుగు భాగాలు. 1 నుంచి 14 వరకు 105. అంటే 10.5 సెకన్లు. నాలుగింటికి 42. ఆగినందుకు 66. మొత్తం 108 సెకన్లు.

కాబట్టి రెండుసార్లు ఆగడమే మేలు. ఇప్పుడు టైరు అరుగుదల సగమే, అంటే ల్యాపుకు 0.05 సెకను అనుకోండి. ఒకసారి ఆగితే 43.5 + 22 = 65.5. రెండుసార్లు ఆగితే 28.5 + 44 = 72.5. జవాబు తిరగబడింది! ఒకసారి ఆగడమే గెలిచింది. అరుగుదల అంకె కొంచెం మారితే మొత్తం వ్యూహమే మారిపోతుంది. ఆ అంకెను కనుక్కోవడానికే జట్లు శుక్రవారం సాధనలో ఒకే టైరు మీద వరుసగా ల్యాపులు తిరుగుతాయి. గట్టిగా వాదించేవాడి కంటే ఆ ల్యాపుల కాలాలు రాసుకున్నవాడి మాటకే ఎక్కువ బలం.

ఇంకో కిటుకు కూడా ఉంది. మీ ముందున్న కారు ఒకటిన్నర సెకను దూరంలో ఉంది. ఇద్దరివీ 20 ల్యాపుల పాత టైర్లు. మన లెక్క ప్రకారం కొత్త టైరు కంటే ల్యాపుకు 2 సెకన్లు వెనుకబడి ఉన్నారు. మీరు ఒక ల్యాపు ముందే ఆగి కొత్త టైర్లు వేసుకుంటే ఆ ఒక్క ల్యాపులో 2 సెకన్లు సంపాదిస్తారు. అవతలివాడు మర్నాటి ల్యాపులో ఆగి బయటికి వచ్చేసరికి మీరు అర సెకను ముందుంటారు. దీన్నే అండర్‌కట్ అంటారు. రోడ్డు మీద దాటలేనివాణ్ణి లెక్కతో దాటడం అన్నమాట.

5. ఆ ఆదివారం ఏమైంది?

మళ్ళీ టీ కొట్టుకు వద్దాం. పందెం మొదలైంది. వెటెల్ ముందున్నాడు. పేపరన్న ఈల వేశాడు. రెండు ల్యాపులు కాగానే వెటెల్ పిట్‌లోకి వచ్చేశాడు! మెత్త టైర్లు తీసేసి మధ్యస్థం వేసుకున్నాడు. మొదటి స్థానం నుంచి 17వ స్థానానికి పడిపోయాడు. "ఖతం, అయిపాయె" అన్నాడు టీ కొట్టు మామ.

కానీ అది ముందే వేసుకున్న లెక్క. అప్పటి నిబంధన ప్రకారం మొదటి పదిమంది క్వాలిఫయింగ్ చివరి భాగంలో వాడిన టైర్లతోనే రేసు మొదలుపెట్టాలి. మెత్త టైరు ఒక్క ల్యాపు వేగానికి బాగుంటుంది, రేసులో ఎక్కువసేపు నిలవదు. ఎలాగూ దాన్ని వదిలించుకోవాలి. వదిలించుకునేదేదో ముందే వదిలించుకొని, మిగతా దూరమంతా మంచి టైర్ల మీద పోదామనుకున్నారు. వెటెల్ ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చి దాదాపు 30 సెకన్ల తేడాతో గెలిచాడు. అదే రోజు నాలుగోసారి ప్రపంచ విజేత అయ్యాడు. గట్టి టైరుతో మొదలుపెట్టిన వెబర్ కూడా ముందు వరసలోనే పోటీపడ్డాడు. కానీ 39వ ల్యాపు దగ్గర ఆల్టర్నేటరు పాడై కారు ఆగిపోయింది.

లోటస్ జట్టు కథ ఇంకా బాగుంటుంది. రొమైన్ గ్రోజాన్ 17వ స్థానం నుంచి మొదలుపెట్టి, ఒక్కసారే ఆగి, 3వ స్థానంలో ముగించాడు. అదే జట్టులోని కిమి రైకోనెన్ కూడా ఒక్కసారే ఆగాలనుకున్నాడు. కానీ గ్రోజాన్ కంటే ముందే టైర్లు మార్చుకున్నాడు. అందుకని ఆ టైర్ల మీద ఎక్కువ ల్యాపులు లాగాల్సి వచ్చింది. చివర్లో అవి అరిగిపోయి 2వ స్థానం నుంచి 7వ స్థానానికి జారాడు. ఒకే జట్టు, ఒకే ఆలోచన, కొన్ని ల్యాపుల తేడా, రెండు ఫలితాలు.

మరి గుడ్డు ఎవరిది? వెటెల్ గెలిచాడు కాబట్టి నాదే అన్నాడు పేపరన్న. మెత్త టైరును రెండు ల్యాపులకే పారేశాడు, గెలిచింది గట్టి టైరే కాబట్టి నాదే అన్నాడు లారీ అన్న. వారం రోజులు వాదన నడిచింది. చివరికి ఇద్దరూ ఒకరి గుడ్డులో సగం ఒకరికి పెట్టుకున్నారు. మా కంచం ఖాళీగా కనబడి లారీ అన్న తన వాటాలోంచి ఒక ముక్క మాకూ వేశాడు.

6. కారుకు కొత్త భాగాలు

అభిమానుల రెండో వాదన కొత్త భాగాల గురించి. వీటిని అప్‌గ్రేడ్‌లు అంటారు. ముందు రెక్క, వెనక రెక్క, కారు అడుగుభాగం వంటివి సంవత్సరం మధ్యలో మార్చుతుంటారు. విమానం రెక్క గాలిలో పైకి లేపుతుంది. రేసు కారు రెక్క దాన్ని తిరగేసినట్టు పనిచేసి కారును నేలకు అదుముతుంది. ఆ అదుముడు పెరిగితే బరువు పెరగకుండానే టైరు మీద ఒత్తిడి పెరిగి పట్టు పెరుగుతుంది. మలుపులో జారడం తగ్గుతుంది. జారడం తగ్గితే టైరు పైపొర తక్కువ వేడెక్కుతుంది, ఎక్కువ ల్యాపులు వస్తాయి. అంటే రెక్క గురించిన వాదన కూడా తిరిగి తిరిగి టైరు దగ్గరికే వస్తుంది.

కొత్త భాగాన్ని ముందు కంప్యూటరులో, తర్వాత గాలి సొరంగంలో పరీక్షిస్తారు. అక్కడ అసలు కారులో 60 శాతం మించని నమూనానే పెట్టాలి. గాలి వేగం సెకనుకు 50 మీటర్లు దాటకూడదు. తర్వాత శుక్రవారం సాధనలో కారుకు రంగు నూనె పూసి నడిపి, అది ఎటు పారిందో చూస్తారు. లెక్కలో వచ్చినది, సొరంగంలో వచ్చినది, రోడ్డు మీద వచ్చినది మూడూ కలిస్తేనే ఆ భాగం పనికొచ్చినట్టు. 2022 నుంచి ప్రతి జట్టూ తాను తెచ్చిన కొత్త భాగాల జాబితాను రేసు వారాంతం మొదట్లోనే బయటపెట్టాలన్న నిబంధన వచ్చింది. అప్పటి నుంచి అభిమానుల వాదనకు కొంత ఆధారం దొరికింది.

మెక్‌లారెన్ కథ వినండి. 2023 మొదటి రేసు బహ్రెయిన్‌లో లాండో నోరిస్ 17వ స్థానం, తోటి డ్రైవరు ఆస్కార్ పియాస్ట్రి కారు మధ్యలోనే ఆగిపోయింది. జులైలో ఆస్ట్రియా రేసుకు కొత్త భాగాలు తెచ్చారు. అవి ఒక్క నోరిస్ కారుకే సరిపోయాయి. ఆయన 4వ స్థానంలో వచ్చాడు. మరుసటి వారం బ్రిటన్‌లో 2వ స్థానం. 2024లో మెక్‌లారెన్ జట్ల ఛాంపియన్ అయింది. 1998 తర్వాత మళ్ళీ అప్పుడే! అర్ధసంవత్సర పరీక్షలో తప్పినవాడు కూడా ఎక్కడ తప్పానో కూర్చొని చూసుకుంటే ముందుకు రావచ్చు అనడానికి ఇంతకంటే ఉదాహరణ వద్దు.

మన హాస్టల్ విద్యార్థులు ప్రత్యేకంగా గమనించవలసిన నిబంధన ఇంకొకటి ఉంది. గాలి సొరంగాన్ని అందరూ సమానంగా వాడుకోవడానికి లేదు. 2022 నుంచి అమలైన పట్టిక ప్రకారం, మొదటి స్థానంలోని జట్టుకు నిర్ణీత పరీక్షల్లో 70 శాతమే, పదో స్థానంలోని జట్టుకు 115 శాతం. అంతకుముందే, 2021లో, ఖర్చుకు కూడా పరిమితి పెట్టారు. ఆ ఏడాది అది 14.5 కోట్ల డాలర్లు. వెనుకబడినవాడికి కొంత ఎక్కువ అవకాశం ఇస్తేనే పోటీ నిజమైన పోటీ అవుతుందని అంత డబ్బున్న ఆటే ఒప్పుకుంది. ఎవరైనా మన స్కాలర్‌షిప్పును, మన సీటును ఎత్తిపొడిస్తే తలవంచుకోకండి. ఈ ఉదాహరణ చెప్పండి. ఎక్కువ గంటలు దొరికినా, కారును తయారుచేసుకోవలసింది ఆ జట్టే అని కూడా చెప్పండి.

7. ఆగే హక్కు

2005 జూన్ 19న అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో జరిగిన రేసును మన దేశ అభిమానులు మరచిపోరు. ఆ సంవత్సరం రేసు మధ్యలో టైర్లు మార్చకూడదన్న నిబంధన ఉండేది. శుక్రవారం సాధనలో 13వ మలుపు దగ్గర రాల్ఫ్ షుమాకర్ కారు వెనక టైరు పోయి గోడకు గుద్దుకుంది. మిషెలిన్ కంపెనీ పరీక్షించి, ఆ మలుపులో వేగం తగ్గిస్తే తప్ప మా టైర్లకు పూచీ ఇవ్వలేమని చెప్పేసింది. ట్రాకు మార్చడానికి అధికారులు ఒప్పుకోలేదు. ఆదివారం నాడు మిషెలిన్ టైర్లున్న 14 కార్లు ఒక చుట్టు తిరిగి పిట్‌లోకి వెళ్ళిపోయాయి. బ్రిడ్జ్‌స్టోన్ టైర్లున్న 6 కార్లే పరుగెత్తాయి. అందులో మన నరేన్ కార్తికేయన్ 4వ స్థానంలో వచ్చి, ఫార్ములా వన్‌లో పాయింట్లు సాధించిన మొదటి భారతీయుడయ్యాడు.

జనం తిట్టారు. మిషెలిన్ టిక్కెట్ల డబ్బు వాపసు ఇవ్వవలసి వచ్చింది. కానీ ఆ రోజు ఒక్క టైరూ ఒక్క ప్రాణాన్నీ తీయలేదు. టైరు బాగాలేదని చెప్పినప్పుడు వినేవారు ఉన్నారు. ఆగే హక్కు ఆ డ్రైవర్లకు ఉంది.

8. లారీ అన్న

లారీ అన్న పదో తరగతి పాసై పాలిటెక్నిక్‌లో మెకానికల్ చేరాడు. 2016 మే నెల. వాళ్ళ నాన్న హైదరాబాద్ – విజయవాడ రోడ్డు మీద లోడుతో పోతున్నాడు. ముందు చక్రానికి ఉన్నది రీట్రేడింగ్ చేయించిన పాత టైరు. మార్చమని ఓనరును రెండుసార్లు అడిగాడట. ఈ ఒక్క ట్రిప్పు కానీ, తర్వాత చూద్దాం అన్నాడట ఓనరు. మధ్యాహ్నం టైరు పేలింది. లారీ డివైడరు ఎక్కి పడింది. ఆయన ప్రాణం దక్కింది. కుడికాలు మాత్రం మళ్ళీ బ్రేకు తొక్కేలా కాలేదు.

పైన రాసిన పీడనం సూత్రాన్ని ఇప్పుడు గుర్తుచేసుకోండి. గాలి తక్కువైన టైరు, మోయవలసిన దానికంటే ఎక్కువ మోసే టైరు తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా వంగుతుంది. వంగినకొద్దీ లోపల వేడి పుడుతుంది. కింద మండే తారు, పైన మే నెల ఎండ. వేడికి పొరల మధ్య పట్టు సడలుతుంది. పాత పొర ఏదో ఒకచోట విడిపోతుంది. ఇది విధి కాదు తమ్ముళ్ళూ, భౌతికశాస్త్రం.

లారీ అన్న నాన్నకు ఇవన్నీ తెలుసు. సూత్రం రూపంలో తెలియకపోవచ్చు, ముప్పై ఏళ్ళ స్టీరింగు రూపంలో తెలుసు. వెటెల్ టైరు బాగాలేదంటే రేడియోలో విని వెంటనే లెక్కలు వేసే ఇంజనీర్లు ఉన్నారు. ఈయన చెబితే ఒక్క ఓనరు వినలేదు. అన్న డిప్లొమా చివరి సంవత్సరం ఆపేసి టైర్ల దుకాణంలో పనికి చేరాడు. మా డిగ్రీ రెండో సంవత్సరం పరీక్ష ఫీజు కట్టింది ఆయనే. అడిగితే, "అప్పటి గుడ్డు ముక్క సంగతి ఓనమాలు, ఇది రెండో పాఠం" అని నవ్వాడు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ కరెంటు కార్ల పందెం జరిగింది. దాదాపు 2.83 కిలోమీటర్ల ట్రాకు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. టిక్కెట్టు కొనలేక ఇద్దరం ఆయన దుకాణంలోనే ఫోనులో చూశాం. ఆ కార్లకు ఎండకూ వానకూ ఒకటే గాళ్ళ టైరు, రేసు మధ్యలో మార్చడం లేదు. "ఇది మన బస్సు టైరు లెక్కనే ఉన్నదిరా" అని అన్న సంబరపడ్డాడు. ఈ వ్యాసం రాస్తున్నామని చెప్పినప్పుడు ఆయన అడిగింది ఒక్కటే. "రేసు సంగతి రాసుకో. కానీ పిల్లలు సంక్రాంతికి ఇంటికి పోయేటప్పుడు ఆటో టైరు ఎట్ల చూడాల్నో కూడ రాయి."

9. బండి ఎక్కేముందు చూడవలసినవి

1. టైరు గాళ్ళ లోపల అడ్డంగా చిన్న దిమ్మెలు ఉంటాయి. కారు టైరులో వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. పైరబ్బరు అరిగి ఆ దిమ్మెలతో సమానమైతే టైరు పని అయిపోయినట్టే.

2. టైరు పక్కగోడ మీద గుండ్రని గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైనదని అర్థం. నిగనిగలాడినంత మాత్రాన కొత్తది కాదు.

3. పక్కగోడ మీద ఉబ్బు గానీ, లోతైన పగుళ్ళు గానీ కనిపిస్తే ఆ బండి ఎక్కవద్దు.

4. ఒక పక్కనే తినేసిన టైరు అంటే చక్రం వంకర ఉందని అర్థం.

5. వేడి టైరులోంచి గాలి తీయకూడదు. చల్లారాక అది తక్కువైపోతుంది. మళ్ళీ వంగుడు, మళ్ళీ వేడి.

6. ముగ్గురి ఆటోలో పదిమంది ఎక్కవద్దు. ఇది మీ చేతిలో ఉన్న పని.

10. ముగింపు

మొదటి ప్రశ్నకు వద్దాం. మనకు కారు పందేల ముచ్చట ఎందుకు? వెటెల్‌ను రెండో ల్యాపులో పిలిచిన లెక్కా, మీ పలక మీద వేసిన అంకశ్రేఢీ ఒకే జాతివి కాబట్టి. ఆ లెక్క నేర్చుకోవడానికి కారు ఉండనక్కరలేదు. ఏటా కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేలో ఫార్ములా భారత్ పేరుతో ఇంజనీరింగ్ విద్యార్థులు తామే తయారుచేసిన కార్లతో పోటీపడతారు. మన హాస్టల్ తమ్ముడొకడు ఆ జట్టులో ఉండకూడదని ఎక్కడా రాసిలేదు.

ఇంకో కారణం కూడా ఉంది. రేపు మీలో ఒకరు ఇంజనీరు కావచ్చు, రవాణా శాఖ ఇన్‌స్పెక్టరు కావచ్చు, నాలుగు లారీలకు ఓనరే కావచ్చు. ఆ రోజు ఒక డ్రైవరు వచ్చి "సార్, టైరు బాగాలేదు" అంటే వినండి. మనం చదువుకుంటున్నది మాట్లాడటానికి మాత్రమే కాదు, తెలిసినవాడు చెప్పినప్పుడు వినడానికి కూడా.

ఆలోచించండి:

1. ఒకసారి ఆగితే నష్టం 22 బదులు 30 సెకన్లు, అరుగుదల ల్యాపుకు 0.1 సెకను అయితే ఒక ఆగుడు మేలా, రెండు ఆగుళ్ళు మేలా? (జవాబు: రెండూ 117 సెకన్లే! అలాంటప్పుడు మీరైతే ఏది ఎంచుకుంటారు, ఎందుకు?)

2. పొద్దున 27 డిగ్రీల దగ్గర గాలి నింపిన లారీ టైరు మధ్యాహ్నానికి 72 డిగ్రీలకు చేరితే లోపలి పీడనం ఎంత శాతం పెరుగుతుంది? (జవాబు: 15 శాతం.)

3. గుడ్డు న్యాయంగా ఎవరిది? ఈ ప్రశ్నకు జవాబు మాకూ తెలియదు. లారీ అన్న, పేపరన్న ఇద్దరూ వార్షికోత్సవానికి వస్తున్నారు. వాళ్ళనే అడగండి.